వంటింట్లో హ్యూ, బాల్కనీలో హోయ్ ఆన్

బస్టాండులో మైకు ముందు కూర్చునే ఆవిడని అందరూ మైకక్క అనే పిలుస్తారు. ఆవిడ గొంతు తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. మొహం తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. కూరగాయల బండి దగ్గర ఆవిడ బేరం మొదలుపెట్టిందంటే చాలు, పక్కనున్నవాళ్లు చేతిసంచులు గట్టిగా పట్టుకుని ఏదో బస్సు వచ్చేసినట్టు అటూ ఇటూ చూస్తారు.

పెళ్లైన కొత్తలో ఆ ఉద్యోగంలో చేరింది. అప్పట్నుంచీ ఆ ఇరుకు గదిలో, అద్దాల కిటికీ వెనక కూర్చుని ఊళ్లకి ఊళ్లని సాగనంపుతూనే ఉంది. తను మాత్రం పుట్టింటికీ, ఆడపడుచు ఇంటికీ తప్ప ఎక్కడికీ వెళ్లి ఎరగదు. ఆ రెండు ఊళ్లకీ వెళ్లేది ఒకటే బస్సు.

భర్తది కట్టుడు పళ్లు చేసే పని. ఇంట్లో ముందు గదే ఆయన పనిచోటు. బల్ల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడే మాట్లాడి వెళ్లిపోతారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆయనకి నిద్రపట్టదు. కన్నతల్లి పళ్లసెట్టు ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు. "నవ్వు కుదరలేదమ్మా" అంటాడు. "నవ్వు కుదరడానికి పళ్లెందుకురా, ఒక్క నవ్వొచ్చే మాట చెప్పు చాలు" అంటుంది ఆవిడ. ఆ ముగ్గురే ఆ ఇంట్లో.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మైకు గది కిటికీ ఎవరో టకటకా కొట్టారు. చూస్తే ఓ పరాయిదేశపు ముసలి జంట. వీపుల మీద మనిషికన్నా పెద్ద బ్యాగులు. ఎక్కాల్సిన బస్సు తప్పిపోయింది. వాళ్ల భాష మైకక్కకి రాదు, ఆవిడ భాష వాళ్లకి రాదు. మరో బస్సు వచ్చేదాకా తన గదిలోనే కూర్చోబెట్టింది. ఆ ముసలావిడ ఫోన్లో ఫొటోలు చూపించింది. పచ్చటి నీళ్ల మీద పడవలు, ఇళ్ల గోడలు రాసుకుంటూ పోయే రైలు, రంగురంగుల లాంతర్ల వీధి. "వియత్నాం" అని వేలు పెట్టి చూపించి, వీపు మీద బ్యాగు చరిచి, రెండు వేళ్లతో బల్ల మీద నడక నటించింది. నడుచుకుంటూ పోతాం, అంతే, అన్నట్టు. ఆవిడ వయసు మైకక్క కంటే బాగా ఎక్కువే. మోకాలికి పట్టీ కూడా ఉంది.

వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు కానీ, ఆ రెండు వేళ్లూ మైకక్క కళ్లముందు నడుస్తూనే ఉన్నాయి.

ఇంటికి రాగానే చెప్పేసింది. "ఏమండీ, మనం వియత్నాం పోదాం."

ఆయన ఓ దవడపన్ను అరగదీస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. "ఎవరింటికి?"

"ఎవరింటికీ కాదు. ఊరికే. వీపున బ్యాగు తగిలించుకుని ఊరూరా తిరగడానికి."

"బ్యాగు వీపునెందుకు? చెయ్యి నొప్పా?"

లోపల గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "పక్కింటి గేటు దాటాలంటే గొడుగు కోసం వెతుక్కునే మనిషివిరా, నిన్నా వియత్నాం తీసుకెళ్లేది!"

ఆ మాట తగిలిందో ఏమో, ఆయన ఆకురాయి కింద పెట్టాడు. "ఎందుకెళ్లకూడదు? వెళ్దాం. కాకపోతే పద్ధతిగా వెళ్దాం" అన్నాడు. మైకక్క ఆ రాత్రి కంచంలో ఏం తిందో ఆవిడకే తెలియదు.

మర్నాటి నుంచీ ఆయన మనిషి మారిపోయాడు. ముందు గది గోడ మీద నిలువెత్తు మ్యాపు వెలిసింది. పొడుగ్గా, సన్నగా, సముద్రం పక్కన ఒళ్లు విరుచుకుంటున్నట్టుండే దేశం. పైన హనోయ్‌లో దిగడం, అక్కడ రైలెక్కి హ్యూ చేరడం, కొండదారిలో డా నాంగ్, దాని పక్కనే హోయ్ ఆన్, ఆఖరికి బాగా కిందనున్న సైగాన్. పళ్లసెట్టు చిగుళ్లకి వేసే గులాబీ రంగుతో గీత గీశాడు. వారం తిరక్కుండా దాన్ని చెరిపి, కిందనుంచి పైకి గీశాడు. తర్వాత మధ్యలోంచి రెండు వైపులకీ గీశాడు.

"ఇంతకీ ఎప్పుడెళ్తున్నాం?" అని మైకక్క అడిగితే, "అదే చిక్కు. పైన ఎండగా ఉన్నప్పుడు మధ్యలో వాన. మధ్యలో తెరిపిచ్చేసరికి పైన చలి. అంతటా ఒకేసారి బాగుండే నెల కోసం చూస్తున్నా" అనేవాడు.

"అలాంటి నెల ఉందా?"

"చూస్తున్నాగా!"

వాన మారింది, చలి మారింది, ముగ్గురి పాస్‌పోర్టులూ వచ్చాయి. అత్తగారు కూడా పట్టుబట్టి తీయించుకుంది. "ఎందుకమ్మా నీకు?" అంటే, "ఫొటో బావుంటుందని" అంది. ఆ నెల మాత్రం దొరకలేదు. బస్టాండులో డ్రైవర్లు "అక్కా, హనోయ్ బండి ఏ ప్లాట్‌ఫారం?" అని ఏడిపించడం మొదలుపెట్టారు. మైకక్క పైకి నవ్వేసేది. మనసు మాత్రం ఆ గులాబీ గీత మీదే.

మనసులో ఉన్నది మాటలో రాక మానదు. ఓ రోజు మంచి రద్దీలో, పెళ్లైన నాటినుంచీ తడబడని ఆ గొంతు ఇలా పలికింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. డా నాంగ్, హోయ్ ఆన్ మీదుగా సైగాన్ వెళ్లు బస్సు మరికొద్దిసేపట్లో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

బస్టాండులో అందరూ అర్థంకాక మొహాలు చూసుకుంటుంటే, ఓ పెద్దాయన మూట నెత్తినెత్తుకుని మైకు గదికి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్, ఆ బస్సు మా ఊరి అడ్డరోడ్డు దగ్గర ఆగుతుందా?"

మైకక్క సమాధానం చెప్పేలోపు ఇంకో ఇద్దరు వచ్చి సీట్లున్నాయా అని అడిగారు. డిపో మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. తిడతాడనుకుంటే, సెలవు కాగితం తనే తెచ్చి ముందు పెట్టాడు.

"మీరు దయచేసి వెళ్లి రండమ్మా. మీరు వెళ్లకపోతే ఈ జనం వెళ్లిపోయేలా ఉన్నారు."

సెలవు మంజూరైందని తెలిసి భర్త మొహం బల్లమీది ప్లాస్టర్‌తో సమానంగా తెల్లబడింది. ఆ సంతోషంలో మైకక్క అది గమనించలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "వెళ్దాం. కానీ అలవాటు లేని పని. ముందు ఇంట్లో ఒకసారి చేసి చూద్దాం."

అలా ఆదివారం పొద్దున్నే ఇల్లు వియత్నాం అయిపోయింది. పడగ్గది హనోయ్. వంటిల్లు హ్యూ. స్నానాల గది డా నాంగ్, సముద్రం ఉంటుంది కనక. బాల్కనీ హోయ్ ఆన్. మెట్ల దగ్గర సైగాన్. అత్తగారిని కూతురింట్లో దింపి వెళ్లాలన్నది పథకం. ఆవిడేమో "నేనేమన్నా అటక మీది సామానునా, ఒకళ్లింట్లో దాచి పోవడానికి?" అని అప్పటికే అలిగి ఉంది. సరే అని ఆవిడకి ప్రతి ఊళ్లోనూ బస ఇచ్చే యజమానురాలి వేషం ఇచ్చారు.

ఆవిడ ఆ వేషంలో జీవించింది. హనోయ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కొడుకు పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా? దొంగచూపులు చూస్తున్నాడు. గది లేదు, ఫో."

"అమ్మా, రిహార్సల్లో కూడా ఎందుకే..."

"అమ్మేంటి? నేను నీకేమన్నా చుట్టాన్నా? వచ్చినదారినే వెళ్లు."

మైకక్కకి మాత్రం వెంటనే గది ఇచ్చింది, కిటికీ పక్కది.

భర్త బ్యాగు చూడాలి. గొడుగు, రెండో గొడుగు, ఇంటి తాళం, తాళానికి తాళం, వేణ్ణీళ్ల సంచి, పొడవాటి కరెంటు తీగ, దిండు, దోమతెర, చిన్న స్టూలు. నేలమీద కూర్చుని పట్టీల్లోకి చేతులు దూర్చి లేవబోయాడు. వెల్లకిలా పడ్డ తాబేలులా కాళ్లూ చేతులూ ఆడించాడే తప్ప లేవలేకపోయాడు. అత్తాకోడళ్లిద్దరూ చెరో చెయ్యీ పట్టి లాగితే హనోయ్‌లో లేచినవాడు హ్యూ దాకా తూలిపోయి గిన్నెల అలమరని కౌగిలించుకున్నాడు.

డా నాంగ్‌లో కాలు జారింది. అయినా పట్టు వదల్లేదు. హోయ్ ఆన్‌లోకి అడుగుపెట్టి, వెనక తలుపు వేశాడు. అక్కడ వచ్చింది తంటా. బ్యాగు పట్టీ తలుపు సందులో ఇరుక్కుంది. ఆయన లాగాడు. పట్టీ రాలేదు, తలుపు పిడి మాత్రం ఊడి చేతికొచ్చింది. లోపల్నుంచి మైకక్క లాగింది. బస యజమానురాలు కూడా కుర్చీ దిగి లాగింది. తలుపు బిర్రబిగుసుకుపోయింది.

మైకక్క వీధి కిటికీలోంచి తల బయటపెట్టింది. కంగారులో అలవాటైన మాటే వచ్చింది. "దయచేసి వినండి! దయచేసి వినండి!"

వీధి వీధంతా సంచులతో బయటికొచ్చేసింది. సంగతి తెలిసి కింది వాటాలో ఉండే దర్జీ నిచ్చెన తెచ్చి బాల్కనీకి ఆనించాడు. ఉన్నది మొదటి అంతస్తే. దర్జీ పైకెక్కి సందులోని పట్టీ కత్తిరించాడు, అయినా తలుపు రాలేదు, బ్యాగు బాల్కనీలోనే ఉండిపోయింది, దర్జీ దిగిపోయాడు. మన మనిషి మాత్రం అతి కష్టం మీద నిచ్చెన మీదికి ఒక కాలు, రెండో కాలు పెట్టి అక్కడే దాన్ని కరుచుకుని ఆగిపోయాడు.

"కిందకి చూడకండి!" అరిచింది మైకక్క కిటికీలోంచి.

"చూడకుండా ఎలా దిగను?"

"పోనీ చూసే దిగండి!"

"చూస్తే అసలు దిగలేను!" కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "నావల్ల కాదే. ఇంత ఎత్తుకే ఇలా ఉంటే విమానం ఎక్కడం నావల్ల కాదు. మ్యాపు గీస్తున్నంతసేపూ బానే ఉంది. వెళ్లడం అనుకుంటేనే కాళ్లు నీరైపోతున్నాయి. నువ్వు అంత సరదాపడుతుంటే ఎలా చెప్పను? అందుకే గీస్తూ కూర్చున్నా."

ఏ తలుపు చాటునో చెప్పాల్సిన మాట, సంచులు పట్టుకున్న వీధంతా వింది. ఎవరూ నవ్వలేదు. దర్జీ మళ్లీ పైకెక్కి, ఒక్కో పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతూ ఆయన్ని కిందికి దించాడు.

మైకక్క కిటికీ దగ్గర్నుంచి వచ్చి హ్యూలో, అదే, వంటింట్లో పీట మీద కూలబడింది. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఏడుద్దామని చూసింది, అదీ సరిగ్గా రాలేదు. ఆ గులాబీ గీత చెరిపి గీసినప్పుడల్లా తను పక్కన నిలబడి మురిసిపోయింది. ఆయనేమో లోపల వణుకుతూ గీశాడన్నమాట. పాపం అనిపించింది. తనమీదా జాలేసింది.

అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. "వాణ్ణి చిన్నప్పుడు ఉయ్యాల్లో వేసినా ఏడ్చేవాడు. నేల మీద పడుకోబెడితే గానీ ఊరుకునేవాడు కాదు."

"తెలిస్తే ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"మొగుడూ పెళ్లాల మధ్య నేనెందుకని ఊరుకున్నా. అదీకాక, రోజూ ఆ మ్యాపు చూస్తుంటే నాకూ బావుంది." కొంగు సర్దుకుంది. "అమ్మాయ్, వాడి బదులు నేనొస్తే?"

మైకక్క తలెత్తి చూసింది. "మీరా? మీ మోకాళ్లు?"

"మోకాళ్లు ఇక్కడున్నా నొప్పే, అక్కడున్నా నొప్పే. అక్కడైతే చూడ్డానికి ఏదన్నా ఉంటుంది."

గుమ్మంలో నిలబడి వింటున్న కొడుకు మొహంలోకి అన్నాళ్ల తర్వాత నెత్తురొచ్చింది. టికెట్లు ఆ సాయంత్రమే కొనేశాడు. వాన, చలి అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

విమానం లేస్తున్నప్పుడు కోడలు కళ్లు మూసుకుంటే, అత్తగారు కిటికీకి ముక్కు ఆనించి, "ఇల్లెక్కడుందో కనిపిస్తుందేమో చూస్తున్నా, ఆరేసిన బట్టలు తీశాడో లేదో" అంది. హనోయ్‌లో రోడ్డు దాటడానికి భయపడి మొదటి రోజంతా ఒకే పక్క తిరిగారు. రెండో రోజు అత్తగారు బస్సు ఆపే కండక్టరులా చెయ్యెత్తి మోటారుసైకిళ్ల మధ్యలోకి నడిచింది. ఆ బళ్ల ప్రవాహం ఆవిడ చుట్టూ తిరిగి పారింది, వెనకే కోడలు. రైల్లో డా నాంగ్ రాగానే దిగాలి, కానీ ఆవిడ కమ్మగా నిద్రపోతుంటే లేపబుద్ధి కాక మైకక్క ఊరుకుంది. ఎక్కడో ముందు దిగి వెనక్కొచ్చారు. ఇంటి దగ్గర ఆయన ఆ రోజు మ్యాపు మీద గుండుసూది ఎక్కడ గుచ్చాలో తెలియక ఫోన్ల మీద ఫోన్లు చేశాడు.

హోయ్ ఆన్‌లో వాళ్లు దిగిన బసకి యజమానురాలు ఓ ముసలావిడ. పొట్టిగా, ముడతలు పడ్డ మొహంతో, గుమ్మంలో చిన్న పీట వేసుకుని కూర్చునుంది. అత్తగారు వెళ్లి పక్కన ఇంకో పీట లాక్కుంది. ఆవిడ తన భాషలో ఏదో అంది. ఈవిడ తెలుగులో బదులు చెప్పింది. మైకక్క స్నానం చేసి వచ్చేసరికి కూడా మాటలు సాగుతూనే ఉన్నాయి. ఓసారి ఆవిడ లోపల గిన్నెలు కడుగుతున్న తన కోడలి వైపు చెయ్యి చూపించి నిట్టూర్చింది. ఈవిడ మైకక్క వైపు చెయ్యి చూపించి అంతకంటే పెద్దగా నిట్టూర్చింది. ఇద్దరూ తొడలు చరుచుకుని నవ్వారు. లోపల ఆ కోడలూ, మెట్టు మీద ఈ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏం మాట్లాడుకున్నారత్తయ్యా అంతసేపు?" అడిగింది మైకక్క, ఆవిడ గదిలోకి వచ్చాక.

అత్తగారు దుప్పటి ముసుగేసుకుంది.

"నీకెందుకూ? అవి పెద్దవాళ్ల మాటలు. రేపు పొద్దున్నే మిగతాది చెప్తానంది, ఇంకో రెండ్రోజులు ఇక్కడే ఉందాం."