ఇస్నాపూర్‌లో పగటి ఆట కోసం ప్రొజెక్టర్ వేట

ఇస్నాపూర్‌లో అరవై కుర్చీల సినిమా హాలు పెడదామన్నది నా భార్య భారతి. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు సాయంత్రం ఆట దొరకదు, పగటి ఆట ఒకటి ఉండాలనేది. తను పోయి ఏడాది దాటింది. పోయిన నెల హైవే పక్కన, కంపెనీ బస్సులు ఆగేచోట, ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాను. ఇక కావాల్సింది ప్రొజెక్టర్. పట్టపగలు బొమ్మ కనబడాలి. కనబడకపోతే సాయంత్రం ఆటలే మిగులుతాయి. అప్పుడు ఆ హాలు ఎవరి కోసమో నాకు తెలియదు. దాన్ని వెతకడానికి బయల్దేరిన రోజు, చాలా రోజుల తర్వాత అలారం కంటే ముందే లేచాను.

సంగారెడ్డిలో ఏడున్నరకు బస్సు ఎక్కితే గంటలోపే పటాన్‌చెరు. అక్కడి నుంచి కిష్టారెడ్డిపేటకు షేర్ ఆటో, ముప్పై రూపాయలు. డ్రైవర్ అద్దంలో నన్ను చూశాడు.

"పొద్దుగాల్నే ఏంది సార్, ఫ్లాట్ సూడనీకా?"

"ప్రొజెక్టర్ చూడడానికి. సినిమా హాలు పెడుతున్నా, ఇస్నాపూర్‌లో."

"అరె! అయితే నాకు ముందు సీటు ఫ్రీ."

"తీసుకో. మరి ఈ ముప్పై?"

"గది గదే, గిది గిదే సార్."

మూతపడ్డ థియేటర్ల మిషన్లు కొని, బాగుచేసి అమ్మే యాదగిరి దుకాణం అక్కడే. గోడలకు నల్లరంగు వేసిన గదిలో రెండు మిషన్లు చూపించాడు. మొదటిది లాంప్‌ది. ధర సగం. కానీ వేడిగాలి బయటికి పోవడానికి గొట్టం వేయాలి, ఆటకు ముందు కాసేపు వెలిగించి ఉంచాలి, లాంప్ అప్పుడప్పుడు మార్చాలి. రెండోది లేజర్‌ది. మీట నొక్కగానే వెలుగుతుంది, గొట్టం అక్కర్లేదు. మీరూ ఇలాంటి పని మీద వెళితే ఒకటి గుర్తుంచుకోండి. ఇంట్లో గోడ మీద చూసుకునే ప్రొజెక్టర్ చవకే, కానీ కొత్త సినిమాలు తాళం వేసిన ఫైళ్లలో వస్తాయి. వాటిని థియేటర్ మిషనే తెరవగలదు.

లేజర్ మిషన్ వేసి, తెర మీద ఎండుమిరపకాయల కుప్ప బొమ్మ చూపించాడు. ఘాటు ముక్కుకు తగిలినట్టయింది. మనసు దాని మీదే పడింది.

"తీస్కో సార్. గింత మంచి బొమ్మ మల్ల దొరకది."

"నా హాల్లో చూపించు. పగలు."

"పగలైతేంది? తలుపేస్తే రాత్రే."

మిషన్‌ను దుప్పట్లలో చుట్టి ట్రాలీ ఆటోలో ఇస్నాపూర్ తెచ్చాం. కిరాయి తొమ్మిది వందలు. ఒంటిగంటకల్లా తలుపుకు ఎదురు గోడకు తెర కట్టి ట్రైలర్ వేశాం. తలుపు మూసి ఉన్నంతసేపు బొమ్మ బాగానే ఉంది. రెండో షిఫ్ట్ బస్సు కోసం బయట నిలబడ్డ ఆడవాళ్లు చప్పుడు విని లోపలికి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. యాదగిరి తలుపు మూశాడు. వాళ్లలో పెద్దామె మణెమ్మ లేచి మళ్లీ తెరిచింది.

"తలుపేస్తే బస్సెట్ల కానొస్తది? పోతే నువ్వు దింపుతవా?"

"హారన్ కొడ్తడు గదమ్మ!"

"మా డ్రైవర్ హారన్ కొట్టడు, చెయ్యూపుతడు. సూడకుంటే పోతడు."

తలుపులోంచి ఎండ వెలుతురు నేరుగా తెర మీద పడింది. హీరోయిన్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"గీ పిల్లకు రక్తం తక్కువున్నట్టున్నది!" అని వెనక నుంచి ఒకామె. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"ఇంకా పెద్ద మిషన్ తీస్కో సార్" అన్నాడు యాదగిరి.

నేను తెర చూడడం లేదు. కుర్చీల్లో వాళ్లు సగం వెనక్కి తిరిగి, మెడలు రోడ్డు వైపు పెట్టి కూర్చున్నారు. భారతి కూడా అంతే. బస్టాపు దగ్గర టీ తాగినా రోడ్డుకు ఎదురుగానే కూర్చునేది.

"యాదగిరీ, మిషన్ అటు చివరకు జరుపు. తెర తలుపున్న గోడకు కడదాం."

"తలుపు పక్కనా? యాడన్న ఉంటదా సార్ గట్ల?"

"ఇక్కడ ఉంటుంది."

తలుపు గోడకు ఒక మూలన ఉంది. మిగతా గోడ తెరకు సరిపోయింది. మణెమ్మ వాళ్లే కుర్చీలు తిప్పారు. ఈసారి తలుపు బార్లా తెరిచినా వెలుతురు వెనక గోడకు పోయింది, తెర మీద పడలేదు. నల్లగదిలో చూసినంత బొమ్మ కాదు. కానీ ఆ పిల్ల ముఖానికి రక్తం వచ్చింది.

"ఇగ మంచిగున్నది. బొమ్మ కానొస్తున్నది, బస్సు గూడ" అంటుండగానే మణెమ్మ లేచింది. "ఏయ్, ఊపుతున్నడు, ఉరుకుండ్రి!" రోడ్డు దాకా పోయి వెనక్కి అరిచింది. "ఆట ఎప్పటి సంది సారూ?"

లేజర్ మిషన్‌కే మాట ఇచ్చాను. లాంప్ వేడెక్కేదాకా ఆగితే బస్సు వెళ్లిపోతుంది. వెలుతురు తిరిగి తెర మీదికి రాకుండా వెనక గోడకు నల్లరంగు వేయించాలి. సాయంత్రం సంగారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆట వేళలు ఏ షిఫ్టుకు ఎలా కలుస్తాయో మనసులో లెక్క కట్టుకుంటూ వచ్చాను. ఇల్లు చేరాక ఈ సంగతి చెప్పడానికి ఎవరూ లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీరూ చిన్న హాలు పెట్టేటట్టయితే, దుకాణం చీకటిగదిలో చూసి డబ్బు కట్టకండి. మిషన్‌ను మీ హాలుకు తెప్పించి, మీ ఆట వేళకు, మీ ఊరివాళ్లను కూర్చోబెట్టి వేసి చూడండి. తలుపు వాళ్ల ఇష్టానికి వదిలేయండి.