పడమటి గోడకు పెట్టిన పైపు

మా అన్న చెప్పిన ఒక్క మాట విని ఉంటే ఇదంతా రాయాల్సిన అగత్యం నాకుండేది కాదు. వినలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకాన్ని. ఇప్పుడు ఆ నాలుగో కాలు బాగానే కనబడుతోంది. ఏం లాభం?

పామిడిలో నాకు చిన్న వడ్రంగి షాపు ఉంది. పైన రేకులు, మూడు వైపులా ఇటుక గోడలు, ముందు షట్టరు. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాను. ఈ మధ్య అందరికీ వంటింట్లో అల్మారాలు కావాలి కాబట్టి ఎక్కువగా అవే చేస్తున్నాను. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆయనకు తెలిసింది చెక్కపని కాదు, సేద్యం. గార్లదిన్నె దగ్గర మాకున్న మెట్టచేనులో శనక్కాయ వేసేవాడు. ఉన్న బోరు ఎండిపోయింది. ఇంకో రెండు చోట్ల వేయిస్తే తెల్లటి దుమ్ము తప్ప నీటి చుక్క రాలేదు. ఆ తర్వాత నా షాపుకొచ్చాడు.

చెక్కపని రాని మనిషికి వడ్రంగి షాపులో ఏ పని ఇస్తాం? ఉప్పుకాగితం పని. అంటే శాండింగ్ మిషను పట్టుకుని పలకలను నునుపు చేయడం. షాపులో దుమ్మంతా తినేది ఆ పని చేసే మనిషే. మా అన్నను నేను కూలివాడిలా చూడనని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఇచ్చింది మాత్రం కూలివాళ్లు కూడా రెండు రోజులు చేసి చెప్పకుండా మానేసే పని. అన్న ఒక్కరోజు కూడా నోరెత్తలేదు.

పొద్దున్నే వచ్చి నేల మీద నీళ్లు చల్లి ఊడ్చేవాడు. తర్వాత తువ్వాల తీసి ముక్కూ నోరూ మూసుకునేలా రెండు చుట్లు చుట్టి వెనక ముడి వేసేవాడు. కళ్లంలో శనక్కాయ తూర్పార పట్టేటప్పుడు కట్టుకునే కట్టు అది. అంత చేసినా సాయంత్రానికి కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడేవి. ఒకరోజు వదిన నాతో, "ఏమప్పా, పొద్దున మనిషిని పంపిస్తాండా, సాయంత్రం దయ్యాన్ని పంపిస్తాండావే" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అన్న ఊపిరి కాపాడాలి అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, అందులో అబద్ధం లేదు.

ఫోనులో వెతికితే దుమ్ము లాగే యంత్రం ఇంట్లోనే చేసుకునే వీడియో ఒకటి దొరికింది. సంగతి చాలా సులువు. మిషను దగ్గర లేచే పొట్టును ఒక బ్లోయరు పైపులోంచి లాగుతుంది. ఆ గాలి పెద్ద గరాటులో గిర్రున తిరుగుతుంది. బరువైన పొట్టు కింద డ్రమ్ములో పడుతుంది, గాలి పైనుంచి బయటికి పోతుంది. ఇంతే. దీనికోసం మా ఇంట్లో కొళాయి నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ము ఎత్తుకొచ్చాను. నా భార్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గరాటును రేకుపని ఆయన చేసిచ్చాడు. బ్లోయరు గుంతకల్లులో పాత సామాన్ల అంగట్లో దొరికింది. పైపులు మాత్రం అన్నవే. ఎండిపోయిన బోరులోంచి పీకి ఇంటి వెనక పడేసి ఉన్నాయి. వాటిని భుజాన వేసుకొచ్చి, "నీళ్లు తేలేదు, దుమ్మన్నా తెస్తాయేమో చూడప్పా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

గరాటును డ్రమ్ము మూతకు బిగిస్తుంటే అన్న పక్కన గొంతుక్కూర్చుని అంతా చూశాడు. చూసి, "ఇది తూర్పార పట్టేదే కదప్పా" అన్నాడు. "బరువైంది కింద పడతాది, సరే. తేలికది యాడికి పోతాది?"

"బయటికి పోతాదన్నా. గోడకు బొక్క పెట్టి పైపు బయటికి వదుల్తాం."

"ఏ గోడకు?"

"పడమటి గోడకు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు సంవత్సరం షాపులో పని సరిగా నడవక వాస్తు చెప్పే ఆయన్ను పిలిపించాను. ఆయన షాపంతా తిరిగి, తూర్పు, ఈశాన్యం వైపు చెత్త ఉండకూడదు, చెత్త వదలకూడదు, ఏదున్నా నైరుతి మూలనే అన్నాడు. ఆ తర్వాత నెలలోనే నాలుగు ఇళ్ల పని వచ్చింది. ఇంక నాకు ఆ మాట వేదం. అందుకే డ్రమ్మును నైరుతి మూలన పెట్టి, గాలి బయటికి పోయే పైపును పడమటి గోడ పైభాగంలో, రేకుల కిందుగా వదలాలని తీర్మానించాను.

అన్న తల అడ్డంగా ఊపాడు. "ఆషాఢంలో గాలి పడమట నుంచే కదప్పా కొట్టేది. గాలికి ఎదురుగా ఎవురన్నా తూర్పార పడతారా? పొట్టంతా మన మొగానే కొడతాది. తూరుపుకు పెట్టు."

"సుమ్మనుండన్నా. ఇది కళ్లం కాదు, మిషను" అన్నాను.

ఆయన లేచి పోయి పలక రుద్దడానికి మిషను అందుకున్నాడు. షాపు నాది కదా.

కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు పెట్టి స్విచ్చి వేశాం. ఆహా, ఏం లాగిందనుకున్నారు! శాండింగ్ మిషను నోటి దగ్గర పైపు పెడితే పొట్టు లేచేలోపే మాయం. సాయంత్రం మూత తీస్తే డ్రమ్ములో పావువంతు పొట్టు. నేల అద్దంలా ఉంది. పక్క షాపులవాళ్లు, పెయింటర్లు వచ్చి చూసి, "ఏమన్నా, ఇంజనీరు అయిపోతివే!" అన్నారు. ఏమీ లేని విస్తరాకు ఎగిరెగిరి పడుతుందంటారు, ఆ వారం రోజులూ నేను అలాగే ఎగిరాను. పొద్దున నీళ్లు చల్లడం మాన్పించాను. దుమ్మే లేనప్పుడు బిందెడు నీళ్లు ఎందుకు దండగ అన్నాను.

ఒకరోజు వంటింటి అల్మారాల పని మాట్లాడటానికి ఒక వ్యాపారి భార్యతో వచ్చాడు. వాళ్లకు యంత్రం చూపిస్తూ, మా షాపులో దుమ్మన్నదే ఉండదని గొప్పలు చెబుతున్నాను. మూలన అన్న మొహానికి తువ్వాల చుట్టుకుని పలక రుద్దుతున్నాడు. ఆమె ఆయన వంక చూసి, "మరి ఆయప్ప ఎందుకు కట్టుకున్యాడు?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఏమన్నా, దొంగమాదిరి ఆ ముసుగేంది? తీసేయ్! దుమ్ము యాడుండాది ఈడ?" అని కసిరాను. పరాయివాళ్ల ముందర, నాకంటే ఆరేళ్లు పెద్దవాణ్ణి. అన్న తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు. మళ్లీ షాపులో కట్టుకోలేదు. తమ్ముడి పరువు పోతుందని కట్టుకోలేదు, నాకు తెలుసు.

ఆషాఢం వచ్చింది. మా సీమలో ఆషాఢం గాలి ఎలా ఉంటుందంటే, పడమటికి సైకిలు తొక్కే మనిషి దిగి నడవాల్సిందే. మా పైపు బయటికి వదిలిన సన్నపిండిని ఆ గాలి వదిలినట్టే తిప్పి కొట్టింది. రేకులకూ గోడకూ మధ్య సందులోంచి అది లోపలికే వచ్చింది. సరిగ్గా ఆ సందు కిందే అన్న నిలబడి పనిచేసేది. అది పొట్టు కాదు, కంటికి ఆనని పిండి. నేల మీద పడదు, కాబట్టి నాకు కనబడలేదు.

కనబడలేదని రాశాను. అదీ అబద్ధమే. రేకుకు ఒకచోట మేకు ఊడిపోయి చిన్న రంధ్రం ఉండేది. మధ్యాహ్నం అందులోంచి ఎండ ఒక కడ్డీలా దిగేది. అప్పటికే అన్నకు సన్నగా దగ్గు పట్టుకుంది. గాలి మారిందని, వదిన శొంఠి కషాయం ఇస్తోందని అనుకుంటున్నాం. ఒక మధ్యాహ్నం అన్న ఆ ఎండ వైపు వేలు చూపించి, "చూడప్పా, ఎట్లా ఆడతాండాదో" అన్నాడు. చూశాను. ఆ కడ్డీ నిండా పిండి, చిక్కగా, తెల్లగా సుడులు తిరుగుతోంది.

"ఎండలో చూస్తే ఎవురింట్లోనైనా అంతేలే అన్నా" అన్నాను.

మరుసటి రోజు నిచ్చెన వేసుకుని ఆ రంధ్రాన్ని లప్పంతో మూసేశాను. వానొస్తే కారుతుందని సాకు చెప్పాను. అనంతపురం జిల్లాలో వానకు భయపడిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

శ్రావణం చివర్లో ఒక ద్వారబంధాన్ని ఇద్దరం ఆటోలోకి ఎక్కిస్తున్నాం. నాలుగు అడుగులు వేసి అన్న తన వైపు కొసను కిందికి దించాడు. అలాగే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. నోరు తెరిచి ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. ద్వారబంధాన్ని రోడ్డు మీదే వదిలేసి, అదే ఆటోలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. వదిన బస్సులో వెనకే వచ్చింది.

రెండు రోజుల తర్వాత డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. కంటికి కనబడే పొట్టు ముక్కులోనే ఆగిపోతుందట. కనబడనిదే ఊపిరితిత్తుల దాకా దిగుతుందట. ఇకమీదట ఈయన దుమ్ములో పని చేయకూడదు, జీవితాంతం పీల్చే మందు వాడాలి అన్నాడు. తర్వాత అన్నను అడిగాడు: "ఇన్ని రోజులు ముఖానికి ఏమీ కట్టుకోలేదా?"

అన్న నా వైపు చూడలేదు. "నాదే తప్పు సార్. ఉక్కపోస్తాదని నేనే విప్పేస్తాంటి" అన్నాడు.

వదిన నెత్తి కొట్టుకుంది. "నీకేమొచ్చిందయ్యా పోయేకాలం! కట్టుకోకుండా ఎట్లా చేసినావు?" అని అక్కడే ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను. కాదు వదినా, విప్పమన్నది నేనే అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. మందుల చీటీ తీసుకుని లేచాను.

ఆ వారంలోనే పైపును పీకి తూర్పు గోడకు మార్చాను. దాని మూతికి నా భార్య మందపాటి గుడ్డతో ఒక సంచి కుట్టి ఇచ్చింది. మొత్తం ఒక పూట పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఒక్క పూట పని కోసం నేను వాస్తు చూశాను, పరువు చూశాను, అన్నను మాత్రం చూడలేదు.

ఆ ఏడు దేవుడి దయో ఏమో, చేనులో శనక్కాయ కాస్త పండింది. అన్న పని మానేశాక, అదును దాటుతున్నా నేనే విత్తనం వేయించాను. కాయలు కొట్టాక తూర్పార పట్టడానికి అన్న కూడా కళ్లానికి వచ్చాడు. చేట పట్టుకుని లేచాడు. రెండు చేటలు పోసి నిలబడిపోయాడు, దగ్గుతో వంగిపోయాడు. నేను చేట లాక్కుని ఆయన్ను దూరంగా, గాలి వచ్చే వైపు బండి నీడన కూర్చోబెట్టాను.

కుప్ప కింద పొట్టు ఊడుస్తున్న వదిన చీపురు ఆపింది. "తువ్వాల కట్టుకోని చేసింటే ఈ గతి పట్టేది కాదు కదా. ఎవురు చెప్పినా వినడు ఈ మనిషి" అంది నాతో. రోజూ అనే మాటే.  అన్న మెల్లగా లేచి వచ్చి తన భుజం మీది తువ్వాల తీశాడు. నా ముక్కుకూ నోటికీ రెండు చుట్లు చుట్టి, వెనక గట్టిగా ముడి వేశాడు. నా భుజాలు పట్టి నన్ను తిప్పి, గాలికి వీపు పెట్టించాడు.

"ఇట్లా నిలబడు" అన్నాడు.

తువ్వాల కట్టుకున్న నోటితో కూడా మాట వస్తుంది. వదిన రెండు అడుగుల దూరంలోనే ఉంది. నేను చేట ఎత్తి కాయలు పోయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఇదంతా దాచకుండా రాశాను. మా వదినకు చదువు రాదు.