వెనక వరుస స్తంభాలు

మా ముత్తాత సంస్థానం తరఫున పన్నెండు ఊళ్ల మీద పెత్తనం చేశాడు. మా తాత పోలీసు పటేలు. ఆయన అరుగు మీద కూర్చుంటే బాటన పోయేవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవారు. అది మంచిదని ఇప్పుడు అనను, కానీ అట్లా జరిగింది. మా నాన్న నాటికి పదవులు పోయినా పంచాయితీలు మాత్రం మా అరుగు మీదికే వచ్చేవి. నా నాటికి అవీ రావడం మానేశాయి. నాకు మిగిలింది ఇల్లు.

దాని ముందు గోడ మీద రోడ్డు వాళ్లు ఎర్రరంగుతో గీత గీసి, లోపలికి ఎన్ని అడుగులు పోతాయో రాసిపోయారు. ధరూర్ వైపు పోయే బాటను వెడల్పు చేస్తారట. గీత ప్రకారం పోతే అరుగు, దర్వాజా, వాటి వెనక రెండు గదులు పోతాయి. ఇంటిని వారసత్వ కట్టడంగా సర్కారు గుర్తిస్తే మాత్రం ఎవరూ ముట్టుకోలేరని తెలిసి దరఖాస్తు పెట్టాను.

ఇంట్లో సగం హక్కు మా అన్నది, అంటే పెదనాన్న కొడుకుది. వనపర్తిలో ఉంటాడు. అతని సంతకం కోసం వెళ్తే చాయ్ చల్లారక ముందే పెట్టిచ్చాడు. ముప్పై ఏళ్లుగా పొలం గట్టు దగ్గర జానెడు వదలని మనిషి అంత తొందరపడ్డాడంటే లోపల ఏదో ఉంటుంది. తిరుగు బస్సులో పెబ్బేరు దాకా అదే ఆలోచన.

తనిఖీకి హైదరాబాదు నుంచి ఒకామె వచ్చింది. వయసు ముప్పై దాటి ఉండదు. గుర్తింపు కార్డు అడిగి తీసుకుని, అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. అంతకు ముందేడు కూడా ఇట్లాగే ఇల్లు చూసిపోతామని ఇద్దరు వచ్చి, దర్వాజా చెక్కడం మీద చెయ్యి వేసి, అమ్ముతారా అని అడిగారు. పాత తలుపులు, స్తంభాలు కొని పట్నంలో హోటళ్లకు అమ్మేవాళ్లు ఊళ్లు పట్టి తిరుగుతున్న కాలం ఇది.

మా నడిమి వాకిలి చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు. ముందు నాలుగు, పక్కలకు రెండేసి, వంటింటి వైపు వెనక వరుసలో నాలుగు. వాటికి ఎవరూ ఆనుకోకూడదని మా అమ్మ పట్టు. పనివాళ్లే కాదు, చుట్టాలు, చివరికి నేను కూడా. “అలిసినోళ్లు ఆనుకుంటరు. పటేలు కొడుకు నిటారుగ కూసుంటడు” అనేది. నేను ఇప్పటికీ అట్లాగే కూర్చుంటాను. తనిఖీకి వచ్చినామె మాత్రం ఒక్కో స్తంభం దగ్గర ఆగి వేలి కణుపుతో కొట్టి వింటోంది.

“ఎందుకమ్మా కొట్టడం?” అన్నాను.

“లోపల చెదలుందేమోనని, సార్.”

జవాబు మరీ సిద్ధంగా ఉంది. అదే నాకు నచ్చలేదు.

వెనక వరుస దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ కొట్టింది. నాలుగూ అయ్యాక నా వైపు తిరిగింది.

“సార్, ఇవి చెక్క కాదు.”

“పన్నెండూ టేకే. మా నాన్న రాయించిన కాగితంలో ఉంది.”

ఆమె చిన్న కత్తితో ఒకదాని మొదట్లో రంగు గీకింది. కింద సున్నం, దాని కింద ఇటుక.

నాకు వెంటనే మా అన్న సంతకం గుర్తొచ్చింది. మా అమ్మ దవాఖానలో ఉన్న రెండు నెలలు ఇల్లు అతని చేతిలోనే ఉంది. “దొంగతనమని రాసుకోండి” అన్నాను.

“మార్పులు, కారణాలు మీరే రాయాలి సార్. దొంగతనమంటే పోలీసు కాగితం అడుగుతారు. తెలియదంటే విచారణ వేస్తారు. అప్పటిదాకా ఫైలు కదలదు.”

రోడ్డు పని కదులుతుందని ఇద్దరికీ తెలుసు.

మా ఇంటికి గోడ పని, సున్నం పని చేసిన ముసలి సుతారి ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. ఆ నాలుగూ టేకువేనని సాక్ష్యం చెప్తాడని కబురు పెట్టాను. కర్ర ఆనించుకుంటూ వచ్చి, నేరుగా గీకిన చోటే చూశాడు.

“అయ్యో, ఎవలు గీకిండ్రు?”

“మా అన్న చేసిన పని చూసినవా, సుతారీ?”

“మీ అన్నేం జేసిండు? గిది నా పని.”

“దొంగకు పని చేసిపెట్టినవా?”

“జర నిమ్మలంగ, పటేలా. దొంగలు లేరు, ఏం లేరు. మీ నాయిన దినాలకు మూడూర్లు తిన్నయి, యాదికున్నదా? గంత బియ్యం, గంత నెయ్యి ఏడికెళ్లి వచ్చిందనుకున్నవ్? అంత అప్పు మీద తెచ్చిందే. పటేలు దినాలు సప్పగ జేస్తె ఊరు నవ్వుతదని మీ అమ్మ పంతం వట్టె. దినాలైనంక నిన్ను కొల్లాపూరు మీ మామ ఇంటికి తోలిండ్రు గద, మామిడిపండ్లు తినొస్తవని? గప్పుడు. ఆ అప్పు తీర్చనీకె నాలుగు స్తంభాలు అమ్మి, పెబ్బేరు సంతకు మొగోళ్లంత పోయిన దినం బండికెక్కించిండ్రు. నాతోని ఒట్టు వెట్టించుకున్నది.”

ఇతన్ని కూడా మా అన్న కొన్నాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. సుతారి అప్పటికే అధికారిణి వైపు తిరిగాడు.

“మీద పువ్వు సూడు, బిడ్డా. ఆ దిక్కు వడ్లాయన చెక్కిండు, ఈ దిక్కు నేను సున్నంల తీసిన. యాభై ఏండ్లాయె, ఎవడన్న పట్టిండా? నువ్వు ఏలితోని కొట్టి నా ఇజ్జత్ తీస్తివి.”

ఆమె నవ్వింది. సుతారి ఆ స్తంభం మొదట్లోనే చతికిలబడి వీపు ఆనించాడు. నేను చూస్తుంటే, “నేను గట్టిందే గద, పటేలా. పడదు తియ్యి” అన్నాడు.

కొల్లాపూర్ నుంచి తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఇల్లంతా తడి సున్నం వాసన. పన్నెండు స్తంభాలకూ ఒకే గోధుమ రంగు. చెదలకు మందు కొట్టి రంగు వేయించానంది అమ్మ. ఆనుకోవద్దన్న మాట అంతకు ముందు ఆమె నోట విన్నట్టు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

అధికారిణి కాగితం నా ముందు పెట్టింది.

“అమ్మామని రాస్తే దరఖాస్తు పోతుందా?”

“నిజం రాస్తే పోదు సార్. మిగిలిన ఎనిమిది, దర్వాజా ఉన్నాయి కదా.”

“ఇది ఎవరెవరు చదువుతారు?”

“అభ్యంతరాల కోసం పంచాయతీ గోడకు అంటిస్తారు.”

మా నాన్న దినాల అన్నం తిన్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఆ గోడ ముందు నుంచే రోజూ పోతారు. వాకిట్లోంచి చూస్తే దర్వాజా కనిపిస్తోంది, దాని అవతలి గోడ మీద ఎర్రగీత ఉంది. కలం తీసుకుని రాశాను.

వెనక వరుసలోని నాలుగు టేకు స్తంభాలను మా నాన్న దినాల భోజనాల కోసం మా అమ్మ అమ్మింది.