హనుమక్క వాళ్ల నాయన సినిమా

రోజూ పొద్దున బడికి వంట చేయడానికి పోయే ముందు హనుమక్క గోడకు తగిలించిన ఉరుమును కిందికి దించుతుంది. పొడిగుడ్డతో తుడిచి, అంచుకు కుంకుమ పెట్టి, కళ్లకద్దుకుని మళ్లీ తగిలిస్తుంది. పుల్లతో తోలును రాస్తే మబ్బు గర్జించినట్టు మోగే ఆ వాద్యం వాళ్ల నాయన ఓబుళేసుది. ఆమె చిన్నప్పుడే ఆయన పోయినాడు. ఫోటో ఒక్కటీ లేదు. పెద్దలకు పెట్టుకునే రోజు అందరూ పటాలకు పూలు పెడితే, ఆమె ఉరుముకు పెడుతుంది.

“మీసం గ్యాపకం ఉండాది. కండ్లు ఎట్లుండెనో ఎంత తలుచుకున్నా రాదప్పా” అంటుంది.

ఓబుళేసు ఒక సినిమాలో ఉరుము కొట్టినాడని మా ఊళ్లో అందరికీ తెలుసు. బెళుగుప్ప పక్కన మా ఊళ్లోనే తీశారు, ‘నల్లబావి నాగవేణి’. ఊరిపెద్ద బావిలోకి తోయించిన ఆడమనిషి దయ్యమై వచ్చి పగ తీర్చుకుంటుంది. చివరికి ఊరి అమ్మవారు సుంకులమ్మ తల్లి ఊరిపెద్ద మీదికే పూని, అతన్ని అదే బావి దగ్గరికి నడిపిస్తుంది. అప్పుడు మోగే ఉరుము ఓబుళేసుదే. కానీ తెర మీద చేతులు తప్ప ముఖం కనపడదు.

ఉరుము కొట్టి అమ్మవారిని పిలిచినవాడే చివరి దెబ్బలు కొట్టి సాగనంపాలి. అది మా దిక్కు పద్ధతి. సినిమా వాళ్లు సాగనంపడం కూడా తీశారట గాని, కథ అయిపోయాక ఇంకెందుకని కోసేశారు. దాంతో టెంటు హాల్లో ఆట అయిపోయినా, ఆ ఉరుము విని ఊగిన ఆడవాళ్లకు పూనకం దిగేది కాదు. ఎవరూ అడగకపోయినా ఓబుళేసు ఉరుము భుజాన వేసుకుని వెళ్లి, హాలు వాకిట్లో కాచుకుని, సినిమా ముగియగానే చివరి దెబ్బలు కొట్టి వాళ్లను ఇళ్లకు పంపేవాడు. ఆ సినిమా ఆడినన్నాళ్లూ అదే పని.

మొన్న ఆదివారం మా ఊళ్లో ఆటో తోలే మల్లికార్జున బండి ఆపకముందే కేకలు వేసుకుంటూ వచ్చాడు. ఆ సినిమా అంటే వాడికి పిచ్చి.

“అక్కా! హనుమక్కా! నాగవేణి డిస్కు మళ్లా వచ్చినాది! కొత్తగా కడిగినట్టు చేసినారంట బొమ్మని. కోసేసినవి గూడా కలిపినామని డబ్బా మింద రాసినారు!”

హనుమక్క చేతిలోని చాట కింద పెట్టింది. “మా నాయన ముఖం ఉంటాదా?”

“ఉండకుండా యాడికి పోతాడు? రా, చూద్దాం!”

మధ్యాహ్నానికి టీవీ పెట్టిన మల్లికార్జున వసారా జనంతో నిండిపోయింది. ఎదురింటి వెంకటేశులు తన కుర్చీ తెచ్చి హనుమక్కకు ముందు వరుసలో వేశాడు. వేసి ఊరుకుంటాడా?

“ఏమక్కా, దయ్యం సినిమాకు టెంకాయ తెచ్చినావే?”

“దయ్యానికి కాదులే, మా నాయనకు. నువ్వు అడ్డం లేసి నిలబడితే నీ నెత్తిన కొడతా.”

అందరూ నవ్వారు. మల్లికార్జున భార్య ఇంద్రాణి బొరుగులు పంచింది. సినిమా మొదలైంది. బావిలోంచి నాగవేణి చెయ్యి పైకి రాగానే పిల్లలు అమ్మల కొంగుల్లో దూరారు, పెద్దవాళ్లు ఈలలు వేశారు. హనుమక్క మాత్రం రెప్ప వేయలేదు. చివర ఉరుము మోగింది. వసారా అదిరింది. తెర మీద చేతులు, పుల్ల, తోలు. మళ్లీ చేతులే. ఊరిపెద్ద బావిలో పడ్డాడు. పేర్లు పైకి పోయాయి.

“రాలేదే!” అంది హనుమక్క.

అప్పటికే ఇంద్రాణి జుట్టు విరబోసుకుని ఊగుతోంది. ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు, ఇంకొకామె వేపాకు తెచ్చింది. ముఖాన పసుపునీళ్లు చల్లినా పూనకం దిగలేదు. మల్లికార్జున ఒక కన్ను భార్య మీద పెట్టి రిమోటు నొక్కుతూ నొక్కుతూ ఒక్కసారిగా అరిచాడు.

“అక్కా! కోసినవి సినిమాలో కలపలేదు, ఈడ వేరేగా పెట్టినారు! చూడు!”

తెర మీద బావిగట్టు కనిపించింది. గట్టు మీద, ఉరుము నడుముకు కట్టుకుని, ఒక నల్లటి మనిషి. మీసం. కొంచెం లోపలికి పోయిన, నవ్వుతున్నట్టుండే కళ్లు.

“నాయనా!” అని హనుమక్క లేచి నిలబడింది. వెనక ఒక్కరు కూడా కూర్చోమనలేదు.

ఓబుళేసు చివరి దెబ్బలు మొదలుపెట్టాడు, నిదానంగా, ఒకదాని వెనక ఒకటి. వసారాలో ఇంద్రాణి ఊగడం కొంచెం నెమ్మదించింది.

మల్లికార్జున ఒక చేత్తో ఫోను తీసి, ఇంకో చేత్తో రిమోటు ఎత్తాడు. “అట్లనే నిలిపేస్తా అక్కా. బాగా ఫోటో తీసి, అనంతపురంలో పెద్ద పటం కట్టిస్తా నీకు!”

హనుమక్క గబుక్కున వాడి చెయ్యి పట్టుకుంది. కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి.

“వద్దప్పా, నిలపొద్దు. నడిమధ్యలో నిలిపితే ఇంద్రాణి అట్లనే ఉండిపోతాది. మా నాయన్ని ముగించనీ. అమ్మవారు పోనీ. ఆ పిల్ల లేచి ఇన్ని నీళ్లు తాగినాక, నా కోసరం ఇంగొక్కసారి వేయి మల్లికార్జునా. అప్పుడు తీద్దువు ఫోటో.”