ఊ కొట్టిన పాపానికి

సినిమాలోనో సీరియల్లోనో ఒక పాత్ర తన పని తాను చేసుకోకుండా ఉన్నట్టుండి మన వైపు తిరిగి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. కొట్లాట మధ్యలో హీరో ఆగి, కత్తి ఎత్తినవాణ్ణి అట్లాగే నిలబెట్టి, తన చిన్నప్పటి కష్టాలు మనకు చెప్పుకొస్తాడు. అంతసేపూ ఆ కత్తివాడు ఏం చేస్తున్నట్టు? ఫోన్లో వచ్చే సిరీసుల్లో అయితే ఒకామె మొగుడికి అబద్ధం చెప్పి, వెంటనే మనకు కన్ను కొడుతుంది. ఎవరడిగారమ్మా నిన్ను? మేం చూడ్డానికి వచ్చింది మీ బతుకు, మీ పంచాయితీలో పెద్దమనుషులుగా కూర్చోవడానికి కాదు.

నా కోపానికి కారణం ఉంది. నాది కేబుల్ వ్యాపారం. హిందూపురంలో మా పేట ఇళ్ళకు వైరు లాగేది నేనే. టీవీలో బొమ్మ ఆగినా నాకే ఫోన్, కథ ఆగినా నాకే ఫోన్. "ఏమన్నా, ఆ అత్తను ఇంగా జైల్లో ఎయ్యల్యా, నువ్వు రొంత చెప్పగూడదా వాళ్ళకి?" అని నిజంగానే అడిగినవాళ్ళున్నారు. వాళ్ళనైనా ఏదో ఒకటి చెప్పి పంపించొచ్చు. ఇంట్లో ఉన్న మా అవ్వకు ఏం చెప్పాలి?

అవ్వ అంటే మా నాయన తల్లి. పుట్టింది కనగానపల్లి దగ్గర ఒక పల్లెలో, గొర్రెలు మేపే ఇంట్లో. ఆమె చిన్నతనంలో ధర్మవరం వైపు నుంచి తోలుబొమ్మలాటవాళ్ళు వచ్చేవారట. కథ సాగుతూ సాగుతూ ఉండగా నవ్వించే బొమ్మ ఒకటి తెర మీదికి వచ్చి, "ఏమప్పా, చూస్తాండారా, నిద్రపోతాండారా?" అని జనాన్ని అడిగేది. జనం గట్టిగా జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆట సాగదు. ఇంట్లో కథ చెప్పినా ఇదే పద్ధతి. వినేవాళ్ళలో ఒకరు ఊ కొట్టాలి. ఆ మనిషి కునికితే పక్కనున్నవాళ్ళు అందుకోవాలి. మా చిన్నప్పుడు మేం ఊ కొట్టడం మరిచిపోతే అవ్వ రాక్షసుణ్ణి చెట్టు మీదే వదిలేసి పడుకునేది. ఊ అంటే మాట ఇచ్చినట్టేనని ఆమె లెక్క. ఊ అన్నాక మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు.

ఆ లెక్క టీవీకి కూడా వర్తిస్తుందని మాకు తెలియలేదు. వార్తలు చదివే అమ్మాయి నమస్కారం అంటే అవ్వ నమస్కారం పెట్టేది. వంటల కార్యక్రమంలో "ఇప్పుడు మనం ఉల్లిపాయలు వేద్దామా?" అంటే, "ఏస్కో తల్లీ" అనేది. మేం నవ్వుకునేవాళ్ళం. నవ్వులాటగా ఉన్నంతకాలం బాగానే ఉంది.

పోయిన ఎండాకాలంలో ఆ సీరియల్ మొదలైంది. అందులో ఒక పాప ఉంది, అవ్వ ఆమెను పాప అనే అంటుంది. పెళ్ళయిన కొత్తలోనే ఆమె మొగుడు యాక్సిడెంట్ అయి కోమాలోకి పోతాడు. వాడు కళ్ళు తెరిచేదాకా ఒక్కపొద్దు ఉంటానని ఆ పాప మొక్కుకుంటుంది, అంటే రోజుకు ఒక్కపూటే, మధ్యాహ్నం మాత్రమే తిండి. అక్కడితో ఆగినా బాగుండేది. తులసికోట ముందు నుంచి లేచి, కన్నీళ్ళు తుడుచుకుని, నేరుగా మన కళ్ళలోకి చూస్తూ, "అమ్మలూ, అవ్వలూ, మీరూ నాతోపాటు ఒక్కపొద్దు ఉంటారు కదూ?" అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటుంది. పాట ఆగిపోతుంది. ఆమె అట్లాగే చూస్తూ ఉంటుంది. జవాబు చెప్పడానికే ఆ సందు ఇచ్చినట్టుంటుంది. ఆ సందు పెట్టినవాడు యాడున్నాడో గానీ, దొరికితే స్తంభానికి కట్టేసి వైరు చుట్టాలని నాకుంది.

అవ్వ "ఊ" అంది.

మరునాడు పొద్దున మా అమ్మ పళ్ళెం తెచ్చి పెడితే అవ్వ పక్కకు జరిపింది. "నేను ఒక్కపొద్దు" అంది. అవ్వకు షుగర్ ఉంది. మాత్ర వేసుకుని వేళకు తినాలి. తినకుండా మాత్ర వేసుకుంటే ఒక తంటా, మాత్ర మానేస్తే ఇంకో తంటా. నేను చేతనైనంత నెమ్మదిగా చెప్పి చూశాను.

"అవ్వా, వాళ్ళు నటించేవాళ్ళు. ఆ పాప షూటింగ్ అయినంక బిర్యానీ తింటాంటుంది."

"తిననీలే, నాకు తెలీదా? బొమ్మలు గూడా తోలే గదరా. ఆట అని తెలిసే జవాబు చెప్తాంటిమి."

"తెలిస్తే మరి యాల ఈ ఉపాసం?"

"అడిగింది నన్ను. ఊ అనింది నేను. ఇంట్లో ఇంగెవరన్నా అన్నారా?"

ఇంత తెలివిగా మాట్లాడే మనిషితో ఎట్లా వాదించాలి? ఆ సీరియల్ మొగుణ్ణి రెండు మూడు రోజుల్లో లేపకపోతారా అనుకున్నాను. సీరియళ్ళ సంగతి బాగా తెలిసిన నేనే అట్లా అనుకున్నానంటే నా ఆశ చూడండి. వాడు లేవలేదు. ఒకరోజు వేలు కదిలించాడు. ఆ వేలును నాలుగు వైపుల నుంచీ చూపించారు. వారం పొడుగునా ఆ వేలే. మధ్యలో ఇంట్లో ఎవరిదో సీమంతం వచ్చింది, నగలు పోయాయి, దొరికాయి. ఆ పాప మాత్రం రోజూ మన వైపు తిరిగి అడగడం మానలేదు. మా అవ్వ ఊ అనడం మానలేదు.

ఒకరోజు పొద్దున కొళాయి దగ్గర అవ్వ కళ్ళు తిరిగి పడిపోయింది. బిందె పట్టుకుని నిలబడిన మనిషి బిందెతో సహా కూలింది. నేను స్తంభం మీద ఉంటే అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. డాక్టర్ చూసి, ఇట్లాగే ఉంటే ఈసారి పడితే లేవకపోవచ్చని నా మొహం మీదే చెప్పాడు. ఆ మాటతో నా చిరాకు పోయి భయం పట్టుకుంది. టీవీలో ఎవడో లేవడం కోసం మా ఇంట్లో మనిషి పడిపోవడం ఏమిటి?

పెనుకొండలో మా మేనత్త ఉంది. కూతురి మాటైనా వింటుందని అవ్వను రైలెక్కించి తీసుకుపోయాను. అత్త చాలా మందలించింది. ఆ మాపున పనుండి బజారుకు పోయి తిరిగొచ్చేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ టీవీ ముందు ఉన్నారు. పాప అడిగింది. ఇద్దరూ కలిసి ఊ అన్నారు. ఇప్పుడేమంటావు అన్నట్టు అత్త వైపు చూశాను. "అట్ల ఏడ్సుకుంటా అడిగితే నోరు ఊరుకోల్యాదురా" అంది. మరునాడే అవ్వను వెనక్కి తెచ్చేశాను. ఇద్దరు ఒక్కపొద్దువాళ్ళను నేను కాయలేను.

ఇక నా చేతిలో ఉన్న పనే చేశాను. మా వీధి లైను పీకేశాను. ఒక్క మా ఇంటిదే పీకితే పక్కింట్లోకి పోయి చూస్తుందని మొత్తం వీధికే పీకాను. ఫోన్ల మీద ఫోన్లు. కేబుల్ ఎలుకలు కొరికాయని చెప్పాను. సీరియల్ కనిపించకపోతే పాప అడగదు, అడగకపోతే ఊ ఉండదు, ఊ లేకపోతే అవ్వ తింటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అవ్వ తినలేదు. "వాడు లేసినాడో లేదో తెలీకుండా ఎట్ల తినేది?" అంది. నేను పీకింది వైరు కాదు, ఆమె ఒక్కపొద్దు తీర్చుకునే దారి. చూస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు వాడు లేచేవాడు. ఇప్పుడు అది కూడా లేకుండా చేసి పెట్టాను. వీధి వీధంతా నన్ను తిడుతున్నారు, ఇంట్లో అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని మజ్జిగ నీళ్ళు తాగుతోంది. నా బుద్ధిని దేంతో కొట్టాలో అర్థం కాలేదు.

అప్పుడు అబద్ధం చెబుదామని తోచింది. మాపున ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, సంతోషం మొహానికి పులుముకుని మొదలుపెట్టాను. మా నాయన నడవలో కూర్చుని సంగటి తింటున్నాడు. అమ్మ వడ్డిస్తోంది.

"అవ్వా, ఆయప్ప కండ్లు తెరిచినాడు! పక్క వీధిలో చూసొచ్చినా. ఇంగ లేసి తిను."

అవ్వ లేవలేదు. "నువ్వు చూసినావా?" అంది.

"చూసినా."

"నా తట్టు చూసి చెప్పు."

నేను ఆమె వైపు చూడబోయాను. చూపు నిలవలేదు. పక్కనున్న టీవీ వైపు పోయింది. అదీ ఆరిపోయి నల్లగా ఉంది. అవ్వకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"మీ నాయన గూడా ఇట్లే గోడతట్టు చూసుకుంటా చెప్పినాడురా" అంది.

మా తాత పోయిన సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ధర్మవరంలో ఆస్పత్రిలో ఉండగా పోయాడని మాత్రం నాకు తెలుసు. మిగతాది ఆ మాపున అవ్వ చెప్పింది, ఎవరినీ తిట్టకుండా, కథ చెప్పినట్టే.

"మీ తాతను ధర్మవరం ఆస్పత్రిలో ఏసి, నన్ను పెనుకొండలో మీ అత్త ఇంట్లో పెట్టినారు. చూడల్లంటే వద్దనిరి. నేను ఒక్కపొద్దు పట్టింటి. మీ నాయన వచ్చి, 'అమ్మా, కండ్లు తెరిచినాడు, ఇంగ తిను' అనె. ఎంత ఆకలుండెనో, పెరుగన్నం తింటి. ఇంగ రొంత ఏయించుకొని తింటి. చెయ్యి కడుక్కుంటా ఉండంగానే మీ తాతను వ్యాన్‌లో తెచ్చి వాకిట్లో దించిరి."

మా నాయన ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. తల్లి కడుపునిండా తిని ఎన్ని రోజులైందో, విషయం తెలిస్తే ఇక తినదేమోనని భయపడి చెప్పి ఉంటాడు. నేనూ అందుకే కదా చెప్పింది. అదే భయం, అదే మాట. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు, మళ్ళీ వచ్చి కూర్చోలేదు.

"ఆ పొద్దు నన్ను ఎవురూ ఏమీ అడగల్యా" అంది అవ్వ. "ఉంటావా, చూస్తావా, తింటావా అని ఒగరు గూడా అడగల్యా. ఈ పాప నా కండ్లలోకి చూసి అడిగింది. తెర మీద బొమ్మే, కాదన్ను. అడిగింది గదా."

  టార్చి తీసుకుని బయటికి పోయి వీధి లైను మళ్ళీ కలిపాను.

మరునాడు సీరియల్ వేళకు పని మానుకుని అవ్వ పక్కన కూర్చున్నాను. వాడు మంచం మీద అట్లాగే ఉన్నాడు. గడ్డం మాత్రం నున్నగా గీసి ఉంది. ఎవరు గీస్తున్నారో తెలియదు. నగలు మళ్ళీ పోయాయి. చివర్లో ఆ పాప తులసికోట ముందు నుంచి లేచి మా వైపు తిరిగింది. "అమ్మలూ, అవ్వలూ, మీరంతా నాతోనే ఉన్నారు కదూ?" పాట ఆగింది. ఆ దరిద్రపు సందు వచ్చింది. అవ్వ పెదవి కదిలింది.

"ఊ" అన్నాను నేను, ఆమెకంటే ముందు, గట్టిగా.

వంటింట్లో అమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగింది. అవ్వ తల తిప్పి నా వైపు చూసింది. ఈసారి నేను చూపు తిప్పుకోలేదు.

"ఊరికే అంటివా, మనసులో ఉండే అంటివా?"

"మనసులో ఉండే అంటి అవ్వా. నువ్వు రొంత కునుకు. నేను అందుకుంటా."

 అవ్వ రెండు చేతులూ నేలకు ఆనించి మెల్లగా లేచి, పీట జరుపుకుని, వంటింటి వైపు కేక వేసింది.

"ఏమ్మే, నాకు సంగటి పెట్టు. వానికి పెట్టద్దు."