సదాశివరావుగారి తోపుడు స్కూటర్

సదాశివరావుగారు స్కూటర్ ఎక్కరు, తోస్తారు. నోయిడా పక్కనున్న వైశాలిలో పాలకైనా, మందులకైనా, కరెంటు బిల్లుకైనా ఆయన స్కూటర్‌తోనే బయల్దేరతారు. బండి రోడ్డు మీద, పక్కనే కాలినడకన ఆయన. డెబ్భై రెండేళ్ల మనిషి, నూరు కిలోల బండి. చూసేవాళ్లకు ఆయాసం వస్తుంది గానీ ఆయనకు రాదు.

ఎందుకని అడిగితే చెప్పడానికి ఎప్పుడూ సిద్ధమే. "పదిహేనేళ్లు నిండాయి, రిజిస్ట్రేషన్ అయిపోయింది. అయినా నడిపితే మొదటిసారి ఐదు వేల దాకా జరిమానా, రెండోసారి పది వేల దాకా. బండి కూడా పట్టుకుపోతారు. నడపొద్దన్నారు, మానేశాను. తోయొద్దని ఎక్కడుందో చూపించు."

ఈ మాట భరద్వాజ్ రెండు రోజుల్లో నాలుగుసార్లు విన్నాడు. అతను నిజామాబాద్ కుర్రాడు. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ మూడో ఏడు వదిలేసి, ఫరీదాబాద్‌లో కాలం తీరిన బండ్లను తుక్కు చేసే యార్డులో చేరాడు. ఓపిక తక్కువ, నోరెక్కువ. సదాశివరావుగారి స్కూటర్ పార్కింగులో చోటు తింటోందని సొసైటీ సెక్రటరీ యార్డుకు ఫోన్ చేశాడు. యజమాని సంతకం పెట్టందే బండి తేవడానికి లేదు. యార్డు ఓనరు మాత్రం తేల్చి చెప్పేశాడు: "శనివారంలోపు ఆ స్కూటర్ రాకపోతే నువ్వు కూడా రాకు."

"సంతకం పెట్టుండ్రి అంకుల్. కాగితాలన్నీ నేనే చూస్కుంట. ఇంకెన్ని రోజులు తోస్తరు దీన్ని?"

"నువ్వేం చదివావోయ్?"

"ఇంజనీరింగ్. మధ్యల వదిలేసిన."

"మధ్యలో వదిలేసిన నిన్ను ఎవరూ తుక్కు చెయ్యలేదు. పదిహేనేళ్లూ పూర్తిచేసిన దాన్ని మాత్రం చేస్తానంటావు."

 జవాబు తోచనప్పుడు భరద్వాజ్ ఊరుకోడు, వెంటపడతాడు. ఆ వారమంతా స్కూటర్ వెనకే తిరిగాడు.

బుధవారం మెట్రో స్టేషన్ దగ్గర ట్రాఫిక్ పోలీసు కాలం తీరిన బండి అని ఆపాడు. "అంకుల్‌జీ, యే గాడీ ఎక్స్‌పైర్ హో చుకీ హై."

"మాలూమ్ హై భయ్యా. గాడీ బంద్ హై, మై పైదల్ హూఁ." బండి ఆపేసే ఉంది, తను కాలినడకనే ఉన్నానన్నారు సదాశివరావుగారు.

పోలీసు సీటు కింద చెయ్యి పెట్టి చూశాడు. ఇంజను చల్లగా ఉంది. చలానా యంత్రం తీసి, ఏం నొక్కాలో తెలియక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఠీక్ హై, లేకిన్ కహీఁ ఖడీ మత్ కర్‌నా. ఖడీ మిలీ తో ఉఠా లేంగే."

నిలబెడితే ఎత్తుకుపోతామన్నాడు కదా, ఆ రోజు నుంచి సదాశివరావుగారు బండిని నిలబెట్టడం మానేశారు. సంతలో బెండకాయలు బేరం చేస్తున్నంతసేపూ స్కూటర్‌ను ఉయ్యాలలా ముందుకు అడుగు, వెనక్కి అడుగు ఊపుతూనే ఉన్నారు. కూరగాయలవాడు కళ్లు తిరిగి, ఆయన అడిగిన ధరకే ఇచ్చేశాడు.

ఈ ఊరేగింపులో ఇంకొక మనిషి కూడా ఉండేది. పై అంతస్తు అన్నపూర్ణేశ్వరిగారు. సీటు వెనక ఇనుప పట్టీని రెండు చేతులా పట్టుకుని నడిచేది. ఆవిడా కలిసి తోస్తోందేమోనని భరద్వాజ్ మొదట అనుకున్నాడు. తోయడం లేదని శుక్రవారం గమనించాడు.

"ఎందుకు ఆంటీ మీకు ఈ తిప్పలు?"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఏం చెయ్యను బాబూ, ఆయనొక్కడే ఆపలేడు. వెనకాల పట్టు లేకపోతే బండి ఆయన మీదే పడుతుంది. నాకు చూస్తే మోకాళ్లకి ఆపరేషనయ్యి ఆర్నెల్లు. వాకరు పట్టుకుని నడవమన్నాడు డాక్టరు. వాకరు పట్టుకుని రోడ్డెక్కితే నలుగురూ ఏమనుకుంటారు? గడప దాటనని భీష్మించుకు కూచున్నాను. కానీ సాటిమనిషి అవస్థ చూస్తూ ఎలా ఊరుకోను? మొత్తానికి అన్నయ్యగారి వల్ల నాకూ రోజూ బయటికి రావడం తప్పలేదు."

భరద్వాజ్‌కి సగమే బుర్రకెక్కింది. మిగతా సగం కోసం తొందరపడ్డాడు. "నేను తోస్త, ఇటియ్యిండ్రి," అని హ్యాండిల్ అందుకుని నాలుగడుగులు లాగేశాడు.

పట్టీ జారిపోయింది. అన్నపూర్ణేశ్వరిగారు నడిరోడ్డు మీద చేతులు గాలిలో పెట్టుకుని, అడుగు ముందుకు వెయ్యలేక, వెనక్కి వెయ్యలేక నిలబడిపోయింది. ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చేస్తోంది. సదాశివరావుగారు ఒక్క అంగలో వెళ్లి ఆవిడ పక్కన భుజం పెట్టారు. "నాకు కళ్లు తిరుగుతున్నాయి చెల్లెమ్మా, కాస్త పట్టుకో," అన్నారు.

ఆవిడ గట్టిగా పట్టుకుంది.

ఇంటికి చేరి ఆవిడ లిఫ్టెక్కాక భరద్వాజ్ అడిగాడు. "ఆంటీకి తెల్వదా?"

"ఏం తెలియాలి? నాకు సాయం చేస్తున్నానని తెలుసు. చాలదూ?"

"మంచిదే అంకుల్. కానీ రూలు రూలే. మొన్నటి పోలీసు వదిలిండు, ఇంకొకడు వదలడు. ఆంటీ పట్టుకుని ఉండంగనే బండి ఎత్తుకపోతరు. అప్పుడేం చేస్తరు?"

సదాశివరావుగారు సీటు వెనక ఇనుప పట్టీని తడిమి చూశారు. 

"రేపు పొద్దుగాల వస్త. సంతకం రెడీగ పెట్టుండ్రి," అని భరద్వాజ్ వెళ్లిపోయాడు.

శనివారం ఉదయం యార్డు ట్రక్కు వచ్చింది. సదాశివరావుగారు మూడు చోట్ల సంతకం పెట్టి, స్కూటర్ ట్రక్కెక్కుతుంటే గోడకేసి చూస్తూ నిలబడ్డారు. భరద్వాజ్ అదే ట్రక్కులోంచి ఒక సైకిల్ దించాడు. హాస్టల్‌లో ఉన్నప్పుడు కొనుక్కున్నది.

"దీనికి నంబరు లేదు, ఆర్సీ లేదు, పదిహేనేండ్ల లెక్క లేదు. సెక్రటరీ కాదు, వాళ్ల తాత వచ్చినా ఏం చెయ్యలేడు. వెనకాల క్యారియర్ గట్టిది, నేనే బిగించిన."

సదాశివరావుగారు బొటనవేలితో టైరు నొక్కి చూశారు. స్టాండును మడమతో తన్ని, పెడల్ మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు అలవోకగా అవతలికి తిప్పి, పార్కింగు స్తంభాల మధ్య చేతులు వదిలేసి మరీ ఒక చుట్టు చుట్టి వచ్చారు. భరద్వాజ్ నోరు తెరిచాడు.

లిఫ్టు చప్పుడైంది. తలుపులు తెరుచుకునేలోపే ఆయన దిగిపోయి, సైకిల్‌ను పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నారు.

"చూశావా చెల్లెమ్మా, స్కూటర్ తీసుకుపోయి నాకు దీన్ని అంటగట్టాడు. పుట్టి బుద్ధెరిగి సైకిల్ ఎక్కినవాణ్ణి కాదు."

అన్నపూర్ణేశ్వరిగారు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి వచ్చి, కొంగు బిగించి, క్యారియర్ రెండు చేతులా పట్టుకుంది. "ఈ వయసులో పడితే ఇంకేమైనా ఉందా. ముందు తోస్తూ అలవాటు చేసుకోండి, తరవాత ఎక్కుదురుగాని."

"ఎన్నాళ్లు పడుతుందంటావు?"

"ఎన్నాళ్లయితే ఏం అన్నయ్యగారూ. మీకొచ్చేదాకా నేను వదలనుగా," అంది ఆవిడ.