పందొమ్మిది తర్వాత ఖాళీ

రాతి మీద తన బొమ్మ, పేరు, పుట్టిన సంవత్సరం అన్నీ చెక్కించుకుని, చావడానికి మాత్రం ఇరవై ఏళ్ళుగా తీరిక దొరకని మనిషి విదోసావా. మా కికిందా ఊళ్ళో అదేం వింత కాదు. మొగుడు పోతే పెళ్ళాం, పెళ్ళాం పోతే మొగుడు, ఒకే రాయి మీద రెండు ముఖాలూ చెక్కించేస్తారు. రెండో తేదీ ఒక్కటే తర్వాతి పని. వింతల్లా ఏమిటంటే, విదోసావా పేరు కింద 1929 తర్వాత గీత, గీత తర్వాత 19 అని కూడా చెక్కేసి, మిగతా రెండంకెలకు చోటు వదిలారు. అది 1982, ఆవిడ మొగుడు గావ్రా పోయిన ఏడు. రెండువేలు దాటి ఈవిడ బతుకుతుందని అప్పుడెవరూ అనుకోలేదు, ఆవిడతో సహా.

ఇప్పుడు రెండువేల మూడు. మనిషి నిక్షేపంలా ఉంది.

పిల్లల్లేరు. ఊరి చివర, గుర్రాలు తిప్పే పాత పిండిమర ఒకటుంది. దాని తాళంచెవి ముప్పై ఏళ్ళు ఆవిడ దగ్గరే ఉండేది. గుర్రమూ లేదు, పిండీ లేదు. తలుపు తీయడం, నేల ఊడవడం, ఎవరైనా వస్తే చూపించి మళ్ళీ తాళం వేయడం, అదే ఉద్యోగం. చలికాలం వస్తే పరదేశులు మెళ్ళో దుర్భిణీలు వేసుకుని, నడిబొడ్డున చెట్ల నిండా కూర్చున్న గుడ్లగూబల్ని చూడటానికి ఎగబడతారు. పిండిమర దాకా నడిచేవాళ్ళు ఏడాదికి పదిమంది. ఉద్యోగం మానాక ఆ పదిమంది పలకరింపూ పోయింది. ఒకరోజు రొట్టెల కొట్లో మాట పెగలక దగ్గితే, కొట్టు పిల్ల "జలుబా?" అని అడిగింది. జలుబేమిటి నీ మొహం, నాలుగు రోజులైంది నోరు విప్పి!

ఆ ఏడు పెద్దల శనివారం నాడు విదోసావా అందరిలాగే ఉడికించిన గోధుమలు, పసుపు మైనపు వత్తులు, చిన్న సీసాలో ప్లమ్ సారా పట్టుకుని సమాధుల దొడ్డికి వెళ్ళింది. గావ్రాకి వత్తి వెలిగించి, రాయి తుడిచి, తన బొమ్మ కూడా తుడుచుకుంది. అప్పుడు పక్క రాయి కంటబడింది. దారింకా, 1907, గీత, తర్వాత ఖాళీ. దారింకా పోయి పన్నెండేళ్ళు. ఆ శవం వెనక నడిచిన వాళ్ళలో తానూ ఉంది. రాతి మీద మాత్రం ఆ తల్లి ఇంకా బతికే ఉంది, ఎందుకంటే వచ్చి నాలుగంకెలు చెక్కించే దిక్కు లేదు. రేపు తనకూ ఇంతేగా అనుకుంది.

సోమవారం పొద్దున్నే రాళ్ళు చెక్కే ప్రోకా కొట్టుకు పోయింది. సంత వెనక సందులో, గుమ్మమంతా రాతిపొడి. ప్రోకా గావ్రా స్నేహితుడు, పెళ్ళాం పోయిన మనిషి. ఆ రాయి చెక్కిందీ అతనే.

"మేస్త్రీ, ఆ పందొమ్మిది నీ నిర్వాకమే."

"నాదే. అయితే?"

"అయితేనా? రేపు నేను పోతే దాని పక్కన ఏం రాస్తావు?"

ప్రోకా కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "తప్పు నాదా వదినా? పోవాల్సిన టైముకు పోకుండా కూర్చుంది నువ్వు!"

"నీ నోట్లో మన్ను పడ!" అంది గానీ, నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో. తర్వాత దారింకా సంగతి చెప్పింది. "ఆ పందొమ్మిది పూడ్చు. పూడ్చి, నేను పోయాక సరైన తేదీ చెక్కు. అంతే నేనడిగేది."

"చెక్కుతా. నువ్వు పోయిన సంగతి నాకెవరు చెప్తారు?"

విదోసావా వేళ్ళు లెక్కపెట్టింది. చెల్లెలు లేదు. గావ్రా అన్న పిల్లలు జర్మనీలో ఎక్కడో, కార్డు ముక్క కూడా రాయరు. ఎదురింటి వాళ్ళు ఇల్లమ్ముకుని పోయారు. వేళ్ళు ముడిచేసి, "ఎవరూ లేరు" అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు దొరకలేదు.

ప్రోకా కాసేపు సుత్తి అటూ ఇటూ తిప్పాడు. "సరే. సోమవారం సోమవారం ఇక్కడికొచ్చి కాఫీ తాగి పో. ఏ సోమవారం రాలేదో, ఆ సోమవారం ఉలి పట్టుకుని నేనే బయల్దేరతా."

"మరి పందొమ్మిది?"

"వచ్చే సోమవారం చూద్దాం."

చూశారా ఆ మేస్త్రీ పని! వచ్చే సోమవారం చలి ఎక్కువ, పూత పట్టదన్నాడు. చలి పోయాక వాన. వాన పోయాక, నలుపు కలవడం లేదు, సరైన రంగు ఇటలీ నుంచి రావాలి. ఇటలీ నుంచి వచ్చాక, ఎండలో మూడు వారాలు ఆరాలి, ఎండేదీ? విదోసావా మండిపడేది. "నీకంటే నా చావే ముందొచ్చేట్టుంది!" "తొందరేముంది వదినా, వచ్చే సోమవారం చూద్దాం" అని అతను గిన్నె దించి, మడ్డి కిందికి దిగేదాకా ఆగి కాఫీ పోసేవాడు. ఆదివారం సాయంత్రమే ఆవిడ జాకెట్టు ఇస్త్రీ చేసుకునేది. అలా రెండేళ్ళు గడిచాయి.

రెండువేల ఐదు, మార్చిలో ఒక సోమవారం కొట్టు తలుపు మూసి ఉంది. పిలిచింది, కొట్టింది, వెనక్కి వెళ్ళి వంటింటి తలుపు తోసింది. ప్రోకా కుర్చీలో తల వాల్చి కూర్చున్నాడు. గిన్నెలో నీళ్ళు పోసి ఉన్నాయి, పొయ్యి ఇంకా వెలిగించలేదు. బల్ల మీద రెండు కప్పులు. పొద్దున్నే గుండె ఆగుంటుందన్నాడు డాక్టరు. అది మంగళవారమైతే ఎన్నాళ్ళకు బయటపడేదో.

ఆ కబురు ఊరికి చెప్పింది విదోసావాయే. సుబోతిత్సా నుంచి మేనకోడలు వచ్చి, మట్టి చేసి, మూడోనాడు వెళ్ళిపోయింది. ప్రోకా పెళ్ళాం రాయి మీద అతని బొమ్మా పేరూ ఎప్పట్నుంచో ఉన్నాయి, గీత తర్వాత ఖాళీ. ఆ ఖాళీ చూసి విదోసావాకు నిద్ర పట్టలేదు. నలభయ్యో రోజుకల్లా ఊరి బయట లూబిషా అనే ఇంకో మేస్త్రీని వెతికి పట్టుకుని, మిషనుతో సహా లాక్కొచ్చింది. దగ్గర నిలబడి 2005 చెక్కించింది. ఒక్కో అంకె వేలితో తడిమి చూసింది.

లూబిషా సామాను సర్దుకుంటూ రెండు వరసల అవతల ఆవిడ రాయి చూశాడు. "బామ్మగారూ, అది మీదేనా? ఆ పందొమ్మిది పూడ్చేయనా? పూడ్చే మందు నా దగ్గరే ఉంది. అరగంట పని."

"ఎంత?"

"అరగంటండీ."

"ఆరొద్దూ? ఎండ ఉండొద్దూ? రంగు ఇటలీ నుంచి రావాలి కదా?"

అతను పకపకా నవ్వాడు. "ఎవరండీ మీకు చెప్పింది? నలుపుకి నలుపు, ఇంకేం కావాలి!"

విదోసావా బెంచీ మీద కూలబడింది. ముందు ఒళ్ళు మండింది. దొంగ సచ్చినోడా, రెండేళ్ళు తిప్పావా నన్ను! తర్వాత ఆ రెండు కప్పులు గుర్తొచ్చాయి. నీకూ చెప్పే దిక్కు లేదని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది మేస్త్రీ? పని అయిపోతే నేను రానని ఎలా అనుకున్నావు? గావ్రా పోయిననాడు కూడా ఆవిడ అంత ఏడవలేదు. లూబిషా ఏం చేయాలో తెలీక టోపీ తీసి పట్టుకున్నాడు.

"చేసేయమంటారా బామ్మగారూ?" అన్నాడు మెల్లిగా.

విదోసావా ముక్కు చీదింది. "మీ కొట్టు సోమవారం తెరిచి ఉంటుందా?"

"ఉంటుందండీ."

"అయితే ఇవాళ వద్దు నాయనా" అంది. "వచ్చే సోమవారం చూద్దాం."